చౌక ధరకు మంచి కంప్యూటరు తెర

మన యూరి జాందానీ నేతగాండ్ర యిండ్లలో, చీర మగ్గమెక్కుటకు ముందుగా, పువ్వును గళ్ల కాగితముమీద గీచి చూచుకొనుట మన విద్యార్థులలో చాలమంది యెఱిగినదే. నిండిన గడి యున్నచోట జరీపోగును చేతితో చొప్పింతురు. ఖాళీ గడి యున్నచోట విడిచిపెట్టుదురు. గళ్లు సన్నమైనకొలది రేకు వంపు నునుపుగా వచ్చును. గళ్లు ముతకవైనచో ఆ వంపే మెట్లు మెట్లుగా కనబడును. 2009వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ చీరకు గల పేరులో పెద్దపాలు ఈ సన్నదనమునకే చెందును. కంప్యూటరు తెరయు ఇట్టి గళ్ల కాగితమే. దానిలోని ఒక్కొక్క గడికి పిక్సెలని పేరు. తెరపై మనము చదువు అక్షరములన్నియు ఈ గళ్లను కొన్నింటిని వెలిగించి, కొన్నింటిని ఆర్పి అల్లినవే.

ఈ పోలికను మొదటనే చెప్పుటకు కారణము కలదు. వేసవి సెలవులు ముగిసి బడి తెఱచు దినములలో తల్లిదండ్రులు నన్నడుగు ప్రశ్న తఱచుగా ఒక్కటే: “మాష్టారూ, పిల్లవాడికి కంప్యూటరు కొందామనుకుంటున్నామండి. తెర ఎంత పెద్దది తీసుకోమంటారు?” 2020వ సంవత్సరమున కోవిడు వ్యాధివలన బడులు మూతపడి, పిల్లలు నెలల తరబడి అరచేతియంత ఫోనులో పాఠములు విన్న నాటినుండి ఈ ప్రశ్న మఱింత యెక్కువైనది. ఇది వ్రాయునాటికి చిన్నవెల తెరలు ఆఱేడు వేల రూపాయలనుండి పదివేల లోపుగ దొరకుచున్నవి. నేతవలనగాని, వేటవలనగాని జీవించు కుటుంబమునకు అది చిన్న సొమ్ము కాదు. ఒకసారి పొరపాటుగ కొన్నచో మఱల కొనుటకు సంవత్సరములు పట్టును. అంతవఱకు పిల్లవాని కన్నులు ఆ పొరపాటునే చూచుచుండును. కావున “ఎంత పెద్దది” అని కాక, “అక్షరము ఎంత స్పష్టముగ నుండును” అని యడుగవలెనని నా మనవి.

ఈ మాట నేను ఇతరులను చూచి చెప్పుటలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట ప్రశ్నాపత్రములు సిద్ధపఱచుటకు ఒక తెర కావలసి, ఒక అంగడికి పోయి రెండింటిని చూచితిని. ఒకటి 24 అంగుళములది, మఱియొకటి 27 అంగుళములది. వెలలో తేడా వేయి రూపాయలకు మించలేదు. రెండింటిపైనను రంగురంగుల చేపలు ఈదుచున్న చిత్రము తిరుగుచుండెను. పెద్దదానిలోని చేపలు సహజముగా పెద్దవిగ నుండెను. వేయి రూపాయలకు ఇంత లాభమా యని తలచి దానినే తెచ్చితిని. ఆ సంవత్సరము తొమ్మిదవ తరగతి తెలుగు పత్రములో “ఈ పద్యమునకు అర్థము వ్రాయుము” అని యుండవలసినచోట “అర్ధము వ్రాయుము” అని పడినది. తెరపై రెండుసార్లు సరిచూచియు, ఒత్తులోని చుక్క ఉన్నదో లేదో నాకు తెలియలేదు. ఒక బాలుడు పద్యములో మొదటి రెండు పాదములు మాత్రము వ్రాసి, సగమే యడిగితిరి గదా యని నన్నే ప్రశ్నించెను. వానికి మార్కులు ఇవ్వక తప్పినది కాదు. ఆ తెరను కొన్న వెలలో మూడవవంతు పోగొట్టుకొని అమ్మివేసితిని.

జరిగిన పొరపాటు గణితమువలన సులభముగ తెలియును. ఆ రెండు తెరలలోను గళ్ల సంఖ్య ఒక్కటే: అడ్డముగ 1920, నిలువుగ 1080, మొత్తము 20,73,600. పెద్ద తెరలో అవే గళ్లను సాగదీసి పఱచిరి. క్రొత్తగా చేర్చినది ఏమియు లేదు. అంగుళమునకు ఎన్ని గళ్లు పడునో తెలిసికొనుటకు తొమ్మిది, పది తరగతులవారు పైథాగరసు సిద్ధాంతమును ఉపయోగింపవచ్చును. తెర కొలత అంగుళములలో చెప్పునప్పుడు అది మూలనుండి మూలకు గల కర్ణము. 1920 వర్గమునకు 1080 వర్గమును కూడి, వర్గమూలము తీసినచో కర్ణముమీద సుమారు 2,203 గళ్లు వచ్చును. దానిని 27చే భాగించినచో అంగుళమునకు 82 గళ్లు, 24చే భాగించినచో 92, 21.5చే భాగించినచో 102. అనగా చౌకవానిలో చిన్న తెరయే సన్ననేత. 2560 గళ్లు అడ్డము, 1440 గళ్లు నిలువు గల 27 అంగుళముల తెరలు కలవు. అవి మంచివే గాని, వెల మన లెక్కకు మించును.

మనిషి కన్ను ఎంత సన్నదనమును గుర్తింపగలదు? ఆరోగ్యముగ నున్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణమును విడదీసి చూడగలదని వైద్యులు లెక్కింతురు. 60 సెంటీమీటర్ల దూరమున ఆ కోణము మిల్లీమీటరులో ఆఱవవంతుకంటె కొంచెము ఎక్కువ. 24 అంగుళముల తెరలో ఒక గడి వెడల్పు మిల్లీమీటరులో నాల్గవవంతుకంటె కొద్దిగ ఎక్కువ; 27 అంగుళములదానిలో మూడవవంతుకు కొంచెము తక్కువ. అనగా చౌక తెరలలో ఏదియు కన్నంత సన్నముగ లేదు. లేనప్పుడు ఉన్నంతలో సన్నమైనదానిని ఎన్నుకొనుట మన పని.

ఇందులో తెలుగు చదువువారికి ఆంగ్లము చదువువారికంటె ఎక్కువ చిక్కు కలదు. ఆంగ్లాక్షరము ఒక వరుసలో నిలుచును. మన అక్షరము పైన గుడి, క్రింద ఒత్తు, ఆ ఒత్తు ప్రక్క మఱియొక ఒత్తు మోసికొని నిలుచును. “స్త్రీ” అను ఒక్క అక్షరములో మూడు హల్లులును ఒక దీర్ఘాచ్చును ఇమిడియున్నవి. ద, ధ, థ లను వేఱుచేయునది ఒక చిన్న గీతయు ఒక చుక్కయు మాత్రమే. ప, ష లకును, డ, ఢ లకును అట్లే. యూనికోడు అను అంతర్జాతీయ లిపిసంకేత పద్ధతిలో 1991లో వెలువడిన మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరకినది గాని, ఆ సంకేతము ఇది థ యని యంత్రమునకు చెప్పునే కాని దాని చుక్కను మన కంటికి చూపజాలదు. చూపవలసినది తెరలోని గళ్లే.

కావున అంగడికి పోవునప్పుడు చేపల చిత్రమును చూడవలదు. “స్త్రీ, లక్ష్మి, అర్థము, అర్ధము, దధి, కథ, ఆషాఢము, రాష్ట్రము” అను మాటలను చిన్న అక్షరములతో ఒక పుటయంత టైపు చేసి పెన్‌డ్రైవులో పెట్టుకొని పొండు. అంగడివానిని మర్యాదగ అడిగినచో ఆ పుటను తెఱచి చూపును. బారెడు దూరమున కూర్చుండి, మీ పిల్లవానిచేతనే చదివింపుడు. తడబడక చదివినచో ఆ తెర పనికివచ్చును. ఈ పరీక్షకు కాసు ఖర్చు లేదు. ఇది మనకు చెప్పునంత సంగతి పెట్టెమీద అచ్చువేసిన గొప్పలేవియు చెప్పవు.

ఇక తెర లోపలి సంగతి. 1888లో ఆస్ట్రియా దేశమునందలి రైనిట్సరను వృక్షశాస్త్రజ్ఞుడు ఒక పదార్థమును కాచుచుండగా, అది ఒకసారి కరగి మసకద్రవమై, ఇంకను వేడిచేయగా మఱల తేటపడుట చూచెను. ద్రవమువలె పాఱుచును, స్ఫటికమువలె వెలుతురును త్రిప్పుచును ఉండు ఈ పదార్థములకు ద్రవస్ఫటికములని పేరు. నేటి తెరలో వెనుక ఒక తెల్లని దీపపు పలక. దాని ముందు రెండు ధ్రువణ ఫలకములు. వాని నడుమ ఈ ద్రవస్ఫటికపు పలుచని పొర. విద్యుత్తు తగిలించినప్పుడు అణువులు ఒరగి, దీపపు వెలుతురును పోనిచ్చుటయో, ఆపుటయో చేయును. ప్రతి గడిలోను ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు చిన్న కిటికీలు కలవు. వాని పాళ్లను మార్చియే అన్ని రంగులను పుట్టింతురు.

అణువులను ఒరగజేయు తీరునుబట్టి తెరలు మూడు జాతులు. టి.ఎన్. అనునది 1970 ప్రాంతమున స్విట్జర్లాండులో రూపొందిన పాత తీరు. చౌక, గాని కొంచెము ప్రక్కకు జరిగినను, క్రిందనుండి చూచినను రంగులు తిరుగబడును. వి.ఎ. అనునది నలుపును బాగుగ చూపును. ఐ.పి.ఎస్. అనునది ప్రక్కనుండి చూచినను రంగు చెడనిది. మన యిండ్లలో ఒక తెరముందు ఒక్కరే కూర్చుండుట అరుదు. అన్న చదువుచుండగా తమ్ముడు ఒక ప్రక్కను, చెల్లెలు మఱియొక ప్రక్కను చేరుదురు. అందుచేత ఐ.పి.ఎస్. మేలని నా నిశ్చయము. ఒకప్పుడు దీని వెల యెక్కువ. నేడు చిన్నవెల తెరలలో కూడ ఇది సాధారణమైనది. ఇచ్చట మన దేశపు మాట యొకటి చెప్పవలెను. 1977లో బెంగుళూరునందలి రామన్ పరిశోధనా సంస్థలో ఎస్. చంద్రశేఖర్ గారును ఆయన సహచరులును పళ్లెము వంటి అణువులు గల క్రొత్త జాతి ద్రవస్ఫటికములను కనుగొనిరి. అట్టి జాతి పదార్థముతో చేసిన పలుచని పొరలను తరువాతి కాలమున తెరలకు అతికించి, ప్రక్కచూపులో రంగు చెడుటను కొంత తగ్గించిరి.

అంగడివారు పొగడు గుణములు మఱికొన్ని కలవు. క్షణమునకు 144 మార్లు బొమ్మ మారుననుట ఆటలాడువారికి ముఖ్యము. చదువునకు 60 చాలును, 75 గాని 100 గాని ఉన్నచో సంతోషమే. వంగిన తెర మనకు అక్కఱలేదు. తెరలోని స్పీకర్లు చాలవఱకు పేలవముగ నుండును; వానికై డబ్బు పెట్టకుడు. కాంతి చదరపు మీటరునకు 250 కాండెలాలు ఉన్నచో మన గదులకు సరిపోవును. కాంట్రాస్టు కోట్లలో నున్నదని వ్రాసినచో నమ్మవలదు. నిజమైన నిష్పత్తి ఐ.పి.ఎస్. తెరకు సుమారు వేయికి ఒకటి, వి.ఎ.కు సుమారు మూడువేలకు ఒకటి. నేను డబ్బు పెట్టుమని చెప్పు గుణము ఒక్కటే కలదు. కొన్ని తెరలు కాంతిని తగ్గించునప్పుడు లోపలి దీపమును అతివేగముగ వెలిగించి ఆర్పుచుండును. కంటికి తెలియకపోయినను, కొందఱకు దానివలన తలనొప్పి వచ్చును. తెర కాంతిని బాగుగ తగ్గించి ఫోను కెమెరాతో చూడుడు. నల్లని పట్టీలు ప్రాకుచున్నట్లు కనబడినచో ఆ తెరను విడిచిపెట్టుడు.

“ఇంట్లో టీవీ ఉంది కదండీ, దానికే తగిలిస్తే సరిపోదా?” అని యడుగు తండ్రులు పలువురు. న్యాయమైన ప్రశ్నయే. చౌకగా దొరకు 32 అంగుళముల టెలివిజనులలో అనేకమునకు గళ్లు 1366 అడ్డము, 768 నిలువు మాత్రమే. లెక్క చూచినచో అంగుళమునకు 49. అది చాల ముతక నేత. ఆ గళ్లు కంటికి కలిసిపోవలెనన్నచో దాదాపు ఆఱడుగుల దూరమున కూర్చుండవలెను. అంత దూరమునుండి చిన్న అక్షరములు చదువుట పిల్లవానికి సాధ్యము కాదు. పాఠము వినుటకు, చిత్రములు చూచుటకు టెలివిజను చాలును. చదివి వ్రాయుటకు చాలదు. ఉన్నదానితోనే గడుపవలసివచ్చినచో అక్షరములను బాగుగ పెద్దవిచేసి, దూరముగ కూర్చుండబెట్టుడు.

వాడిన తెరల సంగతియు ఇట్టిదే. పెద్ద కార్యాలయములనుండి వచ్చిన 19 అంగుళముల పాత తెరలు రెండు మూడు వేలకే దొరకుచుండును. 1280కి 1024 గళ్లు గల ఆ తెర దాదాపు చతురస్రము. అంగుళమునకు 86 గళ్లు. అనగా నేను కొన్న 27 అంగుళముల క్రొత్త తెరకంటె అది సన్నము! పుస్తకపు పుటవలె నిలువెత్తు ఎక్కువ గలదు కనుక చదువుటకు బాగుండును. ఐనను దీపము వయసు మీఱి పసుపుపచ్చగ మారినదేమో, మూలలు నల్లబడినవేమో తెల్లని పుటను తెఱచి చూడవలెను. అరగంట సేపు వెలిగించి యుంచుమని యడుగుడు. జబ్బుగల దీపము వేడెక్కిన తరువాతనే బయటపడును. క్రొత్తదానికైనచో రసీదును, మూడు సంవత్సరముల హామీ పత్రమును, వెనుక భాగమున భారతీయ ప్రమాణముల సంస్థవారి గుర్తును చూచి తీసికొనుడు. మీ ఊరికి దగ్గఱలో మరమ్మతు చేయువారు ఎచ్చట నున్నారో సొమ్ము చెల్లించుటకు ముందే అడుగుడు. కొన్నవాడు కాకినాడలోను, బాగుచేయువాడు హైదరాబాదులోను ఉన్నచో ఆ హామీ పేరునకే హామీ.

ఇప్పుడు మన యూరి ప్రత్యేకపు కష్టమునకు వత్తును. సముద్రము మన వాకిటనే యున్నది. కాకినాడనుండి ఉప్పాడకు వచ్చు తీరపు దారిని తుపానులలో అలలు ఎన్నిమార్లు కోసినవో మీకు తెలియును. అలలు రాని దినమున కూడ వాటి తుంపర గాలిలో తేలివచ్చి, కిటికీ ఊచలకు పట్టి తుప్పు పట్టించుచున్నది. అదే ఉప్పు తెర వెనుకనున్న తీగల కొనలకును పట్టును. ఆ కొనలు సన్నని లోహపు నాలుకలు. వానిపై ఉప్పు చెమ్మ చేరినచో బొమ్మ వణకుటయో, మాయమగుటయో జరుగును. తెర చెడినదని బెంగపడి మరమ్మతునకు మోసికొని పోకముందు, కరెంటు తీసివేసి, తీగను ఊడదీసి, పొడి బట్టతో తుడిచి, మఱల గట్టిగ బిగించి చూడుడు. ఇట్టి చికిత్సతో బాగైన తెరలను నేను నాలుగైదు చూచితిని. సముద్రపు వైపు కిటికీ క్రింద తెరను పెట్టవలదు. వాడనప్పుడు నూలుగుడ్డ కప్పుడు. వాడిన వెంటనే ప్లాస్టిక్ సంచితో మూసినచో లోపల చెమ్మ నిలుచును గనుక అది హాని. తెరమీది ఉప్పు పొడిని ముందుగ మెత్తని కుంచెతో దులిపి, తరువాత శుభ్రమైన మంచినీటిలో కొద్దిగ తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడువవలెను. దులుపక తుడిచినచో ఉప్పు రేణువులు ఇసుకవలె గీతలు పెట్టును. స్పిరిటు, కిటికీ అద్దములు తుడుచు మందు ఉపయోగింపరాదు. తెర పైపూత చెడిపోవును.

విద్యుత్తు గుఱించి కొంచెము. తెర 100 నుండి 240 వోల్టుల వఱకు తట్టుకొనునట్లు చేయబడును. మన ఇంటి కరెంటు 230. సాధారణపు హెచ్చుతగ్గులకు భయము లేదు. భయమంతయు ఉఱుముల వేళ కలుగు ఆకస్మికపు పోటునకును, పోయిన కరెంటు ఒక్కసారి తిరిగి వచ్చునప్పటి తాకిడికిని. ఉఱుము వినబడినప్పుడు స్విచ్చి ఆర్పుట చాలదు, ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. పోటును ఆపు పట్టీలు అమ్ముదురు గాని, ఇంటికి ఎర్తు తీగ సరిగ లేనిచో అవి చాలవఱకు అలంకారములే. కంప్యూటరు పెట్టెను తాకినప్పుడు చేయి జివ్వుమన్నచో ఎర్తు లేదని గుర్తు. తెర కొనుటకు ముందు ఎలక్ట్రీషియనును పిలిపింపుడు. ఇది కన్నులకు సంబంధించిన మాట కాదు, ప్రాణమునకు సంబంధించినది. యు.పి.ఎస్. ఉన్నవారు తెర ప్లగ్గును కూడ దాని బ్యాటరీ రంధ్రములోనే పెట్టవలెను. పెట్టె వెలుగుచుండగా తెర ఆరిపోయినచో పని దాచుకొనుట ఎట్లు? తెరకు పట్టు విద్యుత్తు సుమారు 20 వాట్లు. పాత గాజుగొట్టపు తెరకు పట్టినదానిలో మూడవవంతునకు మించదు.

తెర వచ్చిన పిమ్మట అమరిక. దీనికి సొమ్ము పట్టదు కనుకనే జనులు దీనిని అలక్ష్యము చేయుదురని నా అనుమానము. క్రిందటి సంవత్సరము మా ఎనిమిదవ తరగతి బాలుడొకడు మధ్యాహ్నమయ్యేసరికి తలనొప్పియని బల్లమీద వాలిపోవుచుండెను. వాని తల్లి వచ్చి, తెర చెడ్డదని ఎవరో చెప్పగా క్రొత్తది కొనుటకు చీటీ పాడుకొనబోవుచున్నామని చెప్పినది. “ఒక్కసారి నన్ను చూడనివ్వమ్మా” అని సాయంకాలము వారి యింటికి పోతిని. తెర మంచిదే, 21.5 అంగుళములది. అమరికయే తలక్రిందులు. తెర వెనుకనే పెద్ద కిటికీ. దానినుండి పడమటి ఎండ వాని కంటిలో పడుచుండెను. ఆ యెండతో పోటీపడుటకై ఎవరో తెర కాంతిని నూటికి నూఱు చేసిరి, రాత్రియు అట్లే. తెర గళ్లు 1920కి 1080 కాగా, కంప్యూటరులో 1024కి 768 అని పెట్టబడియుండెను. అనగా అల్లిన పువ్వు ఒక లెక్క, మగ్గము ఒక లెక్క. అక్షరములన్నియు మసకగ, అడ్డముగ సాగి యుండెను.

మొదట అది సరిచేసితిని. డిస్‌ప్లే అమరికలో “సిఫారసు చేయబడినది” అని చూపు సంఖ్యనే ఎప్పుడును ఉంచవలెను. అది తెరలోని అసలు గళ్ల లెక్క. అప్పుడు అక్షరములు చిన్నవైనవని వాని తల్లి సందేహించినది. చిన్నవైనచో గళ్ల లెక్క మార్చక, స్కేలు అను చోట నూటికి 125 అని పెట్టవలెను. అక్షరము పెద్దదగును, నేత చెడదు. ఈ రెండింటికిని భేదము తెలియకపోవుటవలననే ఎన్నో మంచి తెరలకు చెడ్డపేరు వచ్చుచున్నది.

తరువాత తీగ. వాని కంప్యూటరు పాతది; నీలిరంగు మూతి, 15 సూదులు గల వి.జి.ఎ. తీగతో కలిపియుండెను. ఆ తీగ బొమ్మను అలలుగ పంపును. దారిలో కొంత చెదరును. హెచ్.డి.ఎం.ఐ. తీగ అంకెలుగ పంపును; గడికి గడి సరిగ చేరును. పెట్టె వెనుక ఆ రంధ్రము కూడ ఉండుటచేత రెండు మూడు వందల రూపాయల తీగతో పని తీరినది. ఆ రంధ్రము లేని పాత యంత్రములకు మార్పిడి పరికరము కావలెను; ఏ వైపునుండి ఏ వైపునకో చెప్పి కొనుడు, తిరగవేసి తగిలించినచో పనిచేయదు.

తెరను కిటికీకి లంబముగ, వెలుతురు ప్రక్కనుండి పడునట్లు త్రిప్పితిమి. మగ్గము దగ్గఱ వెలుతురు ఎటునుండి రావలెనో ఆ తల్లికి నేను చెప్పనక్కఱలేకపోయినది. ఆమెయే బల్లను జరిపినది. చౌక తెరల కాలు ఎత్తు మారదు. తెర పైయంచు కంటి మట్టమునకు గాని, కొంచెము క్రిందికి గాని ఉండవలెను గనుక, వెడల్పుగల చెక్క పీటను క్రింద పెట్టితిమి. దూరము వాని చేయి చాచినంత, అనగా 50 నుండి 70 సెంటీమీటర్లు. కాంతికి ఒక సులభమైన కొలత కలదు: తెల్ల కాగితమును తెర ప్రక్కన పట్టుకొనుడు. తెర దీపమువలె వెలుగుచున్నచో ఎక్కువ. బూడిదరంగుగ కనబడినచో తక్కువ. రెండును ఒక్క తీరున నున్నచో సరి. ఆ గదిలో పగలు నూటికి 60, రాత్రి 25 సరిపోయినవి. ఒకే అంకెను పగలురాత్రులు ఉంచరాదు.

వారము దినములలో బాలుని తలనొప్పి చాలవఱకు తగ్గినది గాని పూర్తిగ పోలేదు. కన్నులు పరీక్ష చేయించుమని చెప్పితిని. ఎడమకంటికి కొంచెము లోపమున్నట్లు తేలి, కళ్లజోడు వ్రాసియిచ్చిరి. దానితో మిగిలినదియు పోయినది. నేను ఈ రెండవ భాగమును దాచక చెప్పుట ఎందుకనగా, తెర అమరికయే వైద్యమని ఎవరును భ్రమపడరాదు. అట్లే, నీలికాంతిని ఆపునని చెప్పి అమ్ము ప్రత్యేకపు కళ్లజోళ్లను కొనవలదు. తెర చూచువారికి అవి అవసరమని అమెరికా నేత్రవైద్యుల అకాడమీవారు చెప్పుటలేదు. తెర చూచునప్పుడు మనము రెప్పలు తక్కువగ వేయుదుము. కన్ను పొడిబారి మండుటకు అది ముఖ్య కారణము. ఇరువది నిమిషముల కొకసారి ఇరువది అడుగుల దూరమునకు చూపును ఇరువది క్షణములు త్రిప్పుమని వైద్యులు చెప్పుదురు. ఉప్పాడలో కిటికీనుండి చూచినచో ఇరువది అడుగులేమి, ఆకాశము సముద్రమును తాకువఱకు చూపు పోవును! పట్టణపు పిల్లలకు ఆ భాగ్యము లేదు. పగటి వెలుతురులో ఆరుబయట ఎక్కువ సేపు గడపు పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువగ వచ్చుచున్నదని అనేక దేశముల పరిశోధనలలో తేలినది. కనుక సాయంకాలము తీరమున ఆడుచున్న పిల్లవానిని తెర ముందునకు లాగుకొని రావలదు.

చివరగా మొదటి వారపు పని యొకటి కలదు. పూర్తిగ తెల్లని, నల్లని, ఎఱ్ఱని, పచ్చని, నీలి బొమ్మలను ఒక్కొక్కటిగ తెరనిండ తెఱచి, చీకటి గదిలో మూలమూలలు వెదకుడు. ఎప్పుడును వెలుగని గడిగాని, ఎప్పుడును ఆరని గడిగాని కనబడినచో చోటు గుర్తించి అంగడివానికి చెప్పుడు. ఒకటి రెండు చుక్కలకు క్రొత్త తెర ఇవ్వమని కొందఱు తయారీదారులు ముందే పత్రములో వ్రాసికొందురు. కావున కొనునప్పుడే ఆ నియమము అడిగి తెలిసికొనుట మేలు. తిరిగి తీసికొను గడువు ముగియువఱకు అట్టపెట్టెను, లోపలి థర్మోకోలు దిమ్మలను పాఱవేయకుడు. గడువు దాటిన పిమ్మట కూడ అటకమీద దాచియుంచినవారు మన యూరిలో ఉన్నారు. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి తెరను దానిలో పెట్టి ఎత్తైన బంధువులయింటికి చేర్చినవారు వారే.